టీవీకి వీపు పెట్టి చూసిన సినిమా

శనివారం, రాత్రి తొమ్మిదిన్నర.

నిన్న నాన్నకి ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఇవాళ పొద్దున్నే తీసుకెళ్తే కట్టు విప్పి, గోడ మీది అక్షరాలు చదివించి, బ్రహ్మాండంగా ఉందన్నారు డాక్టరుగారు. నల్ల కళ్ళద్దాలు ఇచ్చారు. మూడు రకాల చుక్కల మందులు రాశారు. ఒకటేమో రెండు గంటలకోసారి, ఇంకోటి రోజుకి నాలుగుసార్లు, మూడోది మూడుసార్లు. ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య ఐదు నిమిషాలు ఆగాలట. అంతా ఒక కాగితం మీద గీతలు గీసి రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఇంటర్ పరీక్షల టైం టేబుల్లా తయారైంది.

"టీవీ చూడొచ్చాండీ?" అని నాన్న డాక్టరుగారిని రెండుసార్లు అడిగాడు. నిక్షేపంలా చూడొచ్చు, కన్ను నలపకూడదు, నీళ్ళు తగలనివ్వకూడదు అని రెండుసార్లూ చెప్పారాయన. ఇంటికొచ్చాక అమ్మ కొట్టిపారేసింది. "ఆయనకేం, చెప్తాడు. మా పెద్దమ్మ పదిహేను రోజులు చీకటి గదిలో పడుకుంది." ఆ పెద్దమ్మ ఆపరేషన్ ఎప్పుడో నలభై ఏళ్ళ కిందటిది, అప్పటి పద్ధతి వేరు అని చెప్పి చూశాను. మా ఇంట్లో పెద్దమ్మ మీద అప్పీలు ఉండదు.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి నాన్న మొహం చూడలేకపోయాను. పేపరు లేదు, ఫోను లేదు, టీవీ లేదు. కుడి కంటి శుక్లం ఇంకా తీయలేదు కాబట్టి ఆ వైపంతా ఎలాగూ మసకే. చివరికి ఆయనే రాజీ కుదిర్చాడు. "సరేనే, చూడనులే. వింటాను." పడక్కుర్చీని బాల్కనీ వైపు తిప్పించుకుని, టీవీకి వీపు పెట్టి, నల్లద్దాలు సర్దుకుని కూచున్నాడు. "వింటే కన్ను పోదుగా?" అని అమ్మని అడిగాడు. అమ్మ దగ్గర దానికి జవాబు లేదు.

ఏం పెట్టమంటావు నాన్నా అంటే, "గుర్రాల సినిమా" అన్నాడు.

ఈ గుర్రాల సినిమాల పిచ్చి నాకు ఆయన నుంచే వచ్చింది. ఆయనకి కృష్ణ నుంచి వచ్చింది. మాది తెనాలి పక్క పల్లెటూరు. కృష్ణగారి బుర్రిపాలెం కూడా తెనాలి దగ్గరే కాబట్టి, ఆయన సినిమా అంటే మా వాళ్ళకి సొంత పెదనాన్న కొడుకు పెళ్ళితో సమానం. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చినప్పుడు నాన్నకి పద్నాలుగేళ్ళు. నేల టిక్కెట్టు. (ఎంతని అడిగితే ఒకసారి పావలా అంటాడు, ఒకసారి నలభై పైసలంటాడు.) ఆరుద్ర రాశారు, కె.ఎస్.ఆర్. దాస్ తీశారు, ఎడారి కోసం యూనిట్ మొత్తాన్నీ రాజస్థాన్ తీసుకెళ్ళారు. టోపీ, తోలు చొక్కా, నడుముకి పిస్తోలు పెట్టుకుని గుర్రం మీద తెలుగువాడు! ఆ వారంలో మా ఊళ్ళో గేదె మీద సవారీ చెయ్యని పిల్లాడు లేడట. ఆ తర్వాత హాలీవుడ్ గుర్రాల సినిమా 'మెకన్నాస్ గోల్డ్' తెనాలి వచ్చినప్పుడల్లా వెళ్ళాడు. ఒక్క ఇంగ్లీషు ముక్క అర్థమయ్యేది కాదు. కళ్ళతోనే చూశాడు.

ఇవాళ నేను పెట్టింది మాత్రం 'హై నూన్'. 1952ది, నలుపు తెలుపు. ఎవరైనా ఒక్క వెస్టర్న్ (గుర్రాల సినిమాలకి ఇంగ్లీషు పేరు) చెప్పమంటే నేను చెప్పేది ఇదే. ఎనభై అయిదు నిమిషాల సినిమా, అందులో కాల్పులు ఆఖరి పావుగంటలోపే. మిగతాదంతా ఎదురుచూపు. ఊరి పోలీసు అధికారి, మార్షల్ విల్ కేన్‌కి ఆ పొద్దున్నే పెళ్ళవుతుంది, ఉద్యోగం వదిలేసి పెళ్ళాంతో ఊరు విడిచి వెళ్ళబోతుంటాడు. ఒకప్పుడు తను జైలుకి పంపిన ఫ్రాంక్ మిల్లర్ పన్నెండు గంటల రైలుకి దిగుతున్నాడని కబురొస్తుంది. కేన్ సాయం కోసం ఇంటింటికీ తిరుగుతాడు. ఒక్కరూ రారు. సినిమాలో గడియారం, మన గోడ మీది గడియారం దాదాపు కలిసే నడుస్తాయి.

పేర్లు పడుతుంటేనే పాట మొదలైంది. టెక్స్ రిట్టర్ గొంతు, వెనక గుర్రం నడిచినట్టు దరువు. నన్నొదిలి వెళ్ళకు అని పెళ్ళికూతుర్ని బతిమాలుతూనే, మధ్యాహ్నం రైలూ, జైలు నుంచి వచ్చే శత్రువూ, అన్నీ చెప్పేస్తుంది ఆ పాట. నేను తెలుగులో అందిస్తుంటే నాన్న నవ్వాడు. "కథంతా ముందే చెప్పేశాడు. బుర్రకథ వాడిలాగా." ఇన్నిసార్లు చూసిన సినిమాలో నాకు ఆ పోలిక తట్టనే లేదు. నిజమే, కథ ముందే తెలుసు. ఎవరెవరు ఎట్లా తప్పుకుంటారో చూడ్డమే మిగిలింది.

స్టేషన్లో ముగ్గురు రౌడీలు రైలు కోసం కూచుని ఉంటారు. "ఎవరో నోటితో వాయించేది వాయిస్తున్నాడే?" అన్నాడు నాన్న. మౌత్ ఆర్గాన్. వాయించేవాడు లీ వాన్ క్లీఫ్, అతనికి అదే మొదటి సినిమా. సినిమా మొత్తంలో అతనికి ఒక్క డైలాగు కూడా లేదు. తర్వాత ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే సినిమాల్లో ఆ కోడిపుంజు కళ్ళతోనే అంత పేరు తెచ్చుకున్నాడు. ఇవాళ నాన్న వరకు అతను ఉట్టి మౌత్ ఆర్గానే.

చూస్తున్నప్పుడు నేను పట్టించుకోనివి ఆయన వింటున్నాడు. చెక్కల అరుగు మీద బూట్లు. మట్టిలోకి దిగగానే బూట్ల చప్పుడు మారిపోవడం. "కుర్రాడు కాదే వీడు, నడకలో బరువుంది" అన్నాడు. కేన్ వేషం వేసిన గారీ కూపర్‌కి అప్పటికి యాభై ఏళ్ళు.

ఇక ఫుల్లర్ ఇంటి సీను. కేన్ వస్తుండటం కిటికీలోంచి చూసి, ఆ స్నేహితుడు లోపల దాక్కుని, ఇంట్లో లేనని చెప్పమని పెళ్ళాన్ని తలుపు దగ్గరికి పంపుతాడు. ఆవిడ చెబుతుంది. నేను అనువాదం మొదలుపెట్టేలోపే నాన్న చెయ్యెత్తాడు. "మొగుడు లోపలున్నాడు. ఆవిడ గొంతులోనే తెలుస్తోంది." నాన్న ముప్పై రెండేళ్ళు సహకార బ్యాంకులో చేశాడు, అందులో సగం లోన్ల వసూళ్ళే. మధ్యాహ్నం ఎండలో సైకిలు దిగి, వాకిట్లో నిలబడి, "ఆయన ఊళ్ళో లేరండీ" అనే మాట కొన్ని వేలసార్లు విని ఉంటాడు. "పాపం, అబద్ధం చెప్పే ఆడవాళ్ళు మనల్ని చూడరే. పక్కనున్న గేదె వైపు చూసి చెబుతారు" అన్నాడు. టీవీలో ఆవిడ ఎటు చూసి చెబుతోందా అని నేను వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. గేదె లేదు గానీ, ఆవిడ మొహం నలిగిపోయి ఉంది.

జడ్జి సంగతి వేరే చెప్పాల్సొచ్చింది, ఎందుకంటే అది వినపడదు. కేన్‌తో మాట్లాడుతూనే గోడ మీది జెండా తీసి మడతపెట్టుకుంటాడు, న్యాయదేవత త్రాసు సంచీలో సర్దుకుంటాడు. "త్రాసు కూడా తీసుకెళ్తున్నాడా!" అని నాన్న, వంటింట్లోంచి అమ్మ, ఇద్దరూ ఒకేసారి అన్నారు. అమ్మ వింటోందని అప్పుడు తెలిసింది.

పన్నెండవుతోంది. గడియారం లోలకం టిక్కుటిక్కుమంటోంది, ఊళ్ళో ఒక్కొక్కరి మొహం, ఖాళీ కుర్చీ, రైలు పట్టాలు. తర్వాత దూరంగా రైలు కూత. సరిగ్గా అప్పుడే నా ఫోన్లో అలారం మోగింది. నాలుగు గంటల చుక్కలు! సినిమా ఆపాను. చేతులు కడుక్కుని, నాన్న తల వెనక్కి వంచి, కింది రెప్ప లాగి ఒక చుక్క. ఐదు నిమిషాలాగి ఇంకో మందు. ఫ్రాంక్ మిల్లర్ రైల్లోనే ఉండిపోయాడు. "ఎంతసేపే?" అంటాడు నాన్న, కళ్ళు మూసుకుని. "ఇంకా మూడు నిమిషాలు." "వాడికి తొందరేం లేదులే. జైల్లో అన్నేళ్ళున్నవాడు."

ఆ ఐదు నిమిషాల్లో నాన్నకి కార్ల్ ఫోర్‌మన్ సంగతి చెప్పాను. 'హై నూన్' రాసింది ఆయనే. ఆ రోజుల్లో అమెరికాలో కమ్యూనిస్టుల ఏరివేత నడుస్తోంది. 1951లో, సినిమా పని సగంలో ఉండగా, కాంగ్రెస్ (అంటే వాళ్ళ పార్లమెంటు) కమిటీ ఆయన్ని పిలిచింది. పార్టీలో ఇంకా ఎవరెవరున్నారో చెప్పమన్నారు. పేర్లు చెప్పనన్నాడు. నిర్మాణంలో భాగస్వాములుగా ఉన్నవాళ్ళే దూరం జరిగారు, హాలీవుడ్‌లో పని పుట్టకుండా పోయింది, ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. కేన్‌కి తలుపులు తియ్యని ఊరు ఏదో ఇప్పుడు తెలిసిందిగా అన్నాను. వెస్టర్న్‌ల పెద్ద హీరో జాన్ వేన్‌కి ఈ సినిమా అంటే ఒళ్ళుమంట. అమెరికన్ షెరీఫ్ ఊరి వాళ్ళని అడుక్కోవడమేమిటని, దర్శకుడు హోవర్డ్ హాక్స్‌తో కలిసి 1959లో 'రియో బ్రావో' తీసి జవాబు చెప్పాడు. అదీ బాగుంటుంది, నాకిష్టమే. కాకపోతే సాయం అడగడం సిగ్గుచేటు అనుకునేవాళ్ళ వాదన అది.

"ఇంకో సంగతి నాన్నా. మెకన్నాస్ గోల్డ్ రాసి, నిర్మించింది కూడా ఈయనే."

నాన్న కళ్ళు తెరవబోయాడు. నేను పట్టుకుని ఆపాను. ఇరవయ్యేళ్ళుగా 'మెకన్నాస్ గోల్డ్' ఉట్టి గుర్రప్పందెం అనీ, మంచి వెస్టర్న్ చూడాలంటే నా జాబితా చూడమనీ ఆయన్ని ఏడిపిస్తూ వచ్చాను. ఇవాళ ఆయన వంతు. "చూశావా? అమెరికా వాళ్ళకి నచ్చలేదేమో గానీ మాకు అప్పుడే తెలుసు" అన్నాడు. (అమెరికాలో అది సరిగ్గా ఆడని మాట నిజమే. మన దేశంలో మాత్రం బాగా ఆడింది.)

చివర్లో, తుపాకీ అంటేనే గిట్టని క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) పెళ్ళికూతురు ఒకడిని వెనక నుంచి కాలుస్తుంది. అంతా అయిపోయాక ఇళ్ళల్లోంచి జనం బిలబిలమంటూ వస్తారు. ఆ తర్వాత మాటల్లేవు. నాన్న కాసేపు ఆగి, "ఏం చేస్తున్నాడు?" అన్నాడు. "చొక్కాకున్న బిళ్ళ పీకి మట్టిలో పడేశాడు." "ఎవరూ ఏమీ అనలేదా?" "అనలేదు." "ఏమంటారు" అన్నాడు నాన్న. అమ్మ టీ తెచ్చింది.

చీకటి పడ్డాక ఇంకో ప్రయోగం చేశాం. లియోనే తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్', మొదటి సీను ఒక్కటే. అక్కడా ముగ్గురు మనుషులు స్టేషన్లో రైలు కోసం కూచుంటారు, 'హై నూన్'కి దణ్ణం పెట్టినట్టు. పది నిమిషాలకి పైగా మాటలు దాదాపు ఉండవు. సంగీతమూ ఉండదు. నేను కూడా నోరు మూసుకున్నాను. ఏం వినపడుతోందో చెప్పమన్నాను.

"గిలక" అన్నాడు వెంటనే. "నూనె లేని గిలక. మన పాత బావిది ఇలాగే అరిచేది." అది గాలిమర. "ఈగ." ఈగే. ఒకడి గడ్డం మీద వాలి చంపుతోంది. "నీళ్ళ చుక్క. ముందు మెత్తగా పడింది, ఇప్పుడు గట్టిగా పడుతోంది. కింద ఏదో నిండుతోందా?" పై నుంచి కారుతున్న నీళ్ళు ఇంకొకడి టోపీ అంచులో చేరుతున్నాయి. వాడు తలకాయ కదపడు, చివర్లో టోపీ తీసి ఆ నీళ్ళు తాగుతాడు. ఆ చుక్క చప్పుడు మారుతుందో లేదో నేనెప్పుడూ గమనించలేదు. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాను. నాకైతే తేడా తెలియలేదు. ఆయనకి తెలిసిందంటున్నాడు.

'ద సెర్చర్స్' పెడదామనుకుని మానేశాను. ఆఖర్న జాన్ వేన్ గుమ్మం బయటే ఆగిపోయి, ఎడమ చేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని నిలబడి, ఎడారిలోకి తిరిగిపోతాడు, తలుపు మూసుకుంటుంది. దాన్ని చెవికి ఎట్లా చెప్పను? పైగా ఆ సినిమాలో స్థానిక జాతుల వాళ్ళని చూపించిన తీరు నాకు ఏటికేడూ ఎక్కువ గుచ్చుకుంటోంది. ఆ సినిమా తీసిన మాన్యుమెంట్ వ్యాలీలోని నవాహో తెగ మనుషులకి కొమాంచీ అనే ఇంకో తెగ వేషాలు వేయించి చావడానికి నిలబెట్టారు. ఆ తలుపు సీను కోసం ఆ సినిమాని ఇంకా చూస్తూనే ఉన్నాను, అదీ ఒప్పుకోవాలి.

రాత్రి ఇడ్లీ తింటూ నాన్న తన 'మెకన్నాస్ గోల్డ్' కథ చెప్పాడు, మాటలు అర్థం కాని రోజుల్లో అల్లుకున్నది. మొదట్లో కనిపించే ముసలాయన హీరో మెకన్నాకి వరసకి మామయ్య. చస్తూ చస్తూ ఆస్తి దస్తావేజు చేతిలో పెట్టాడు. మెకన్నా దాన్ని ఒక్కసారి చదువుకుని, దాయాదుల చేతిలో పడకూడదని తగలబెట్టాడు. ఆ దాయాది, విలన్ వేషం వేసిన ఒమర్ షరీఫ్. పొద్దున్నే బండరాయి నీడ పొడుగ్గా సాగుతూ వెళ్ళి కొండలో సందు చూపించడమంటే, సర్వే వాళ్ళు వచ్చి హద్దు రాయి చూపించడం. చివరికి కొండంతా కూలిపోయి ఎవరికీ ఏమీ దక్కదు. హీరో జీను సంచీలో మాత్రం బంగారం ఉంటుంది, అది వాడికే తెలీదు. "అది ధర్మంగా వాడికి రావలసిన వాటా" అన్నాడు నాన్న.

ఆ ముసలాయన అపాచీ తెగవాడనీ, మెకన్నా మీద ముందు కాల్చింది ఆయనేననీ నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. చట్నీ వెయ్యనా అని అడిగాను.

"రెండో కన్ను కూడా అయ్యాక అది పెట్టు" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "ఈసారి కుర్చీ ఇటు తిప్పుకుంటాను. సౌండు తీసేసి పెట్టు."

పది గంటల చుక్కలకి ఇంకా పావుగంట ఉంది.