పాట లేని పటం

హనుమకొండలోని ఒక ప్రదర్శనశాలలో సమకాలీన చిత్రాల సరసన చేర్యాల పటాన్ని కూడా ఉంచారని విని, గత ఆదివారం మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఖాదీ గుడ్డకు చింతగింజల గంజి, సుద్దమట్టి పూసి, ఎర్రని నేలరంగు మీద నకాషీ చిత్రకారులు గీసే ఈ పటాలు గోడకు వేలాడడానికి పుట్టినవి కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారి వంటి కథకులు, రాత్రిపూట పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ పాడటానికి పుట్టినవి. అక్కడి చీటీలో మాత్రం 'జానపద చిత్రం' అని తప్ప, అది ఏ కులపు కథో, ఎవరు పాడేవారో లేదు. చేనేతకారులున్న ఊళ్లో ఆ లోటు నాకు చిన్నదిగా తోచలేదు.

పక్క గదిలో సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) నకాషీ రీతిని ఆధునిక చిత్రంలోకి తెచ్చిన తీరును ఒకాయన వివరించారు. బాగానే చెప్పారు, కాస్త సాగదీశారు.

అసలు సందడి వరండాలో, పిల్లల శిబిరంలో కనిపించింది. పురాణ ఘట్టమేదైనా గీయమంటే, మా అమ్మాయి ఎర్రని నేపథ్యం మీద తన బడి ఆటోను, అందులో కిక్కిరిసిన పదకొండు మందిని గీసింది. డ్రైవరుకు కిరీటం పెట్టింది.