బెర్లిన్‌లో మా చిన్నోడు కిటాకి అలవాటు పడ్డ ఏడు వారాలు – నా అనుభవం

ఇక్కడికి కొత్తగా వచ్చే మనవాళ్ళు నన్ను ముందు అడిగేది కిటాలో సీటు ఎలా దొరికింది అని. కిటా అంటే ఇక్కడ చిన్నపిల్లల బడి, ఏడాది పిల్లల నుంచి స్కూల్లో చేరే వయసు దాకా అందులోనే ఉంటారు. సీటు గురించి చెప్తాను గానీ, నాకు మాత్రం సీటు దొరికాక జరిగిందే అసలు పని, దాని గురించి ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పుంటే బాగుండేది అనిపిస్తుంది, అందుకే రాస్తున్నా.

మేం 2023 ఆగస్టులో వచ్చాం. మాది తెనాలి, మా ఆయన సాఫ్ట్‌వేర్, బాబుకి అప్పటికి ఏడాది తొమ్మిది నెలలు. వచ్చీరాగానే అన్మెల్డుంగ్, అంటే మన అడ్రస్ నమోదు, అది లేకపోతే బ్యాంకు దగ్గర్నుంచి ఏదీ కదలదు కాబట్టి ఇల్లు ఇచ్చినాయన సంతకం పెట్టిన కాగితం పట్టుకెళ్ళి అది చేయించుకున్నాం. ఆ తర్వాత కిటా గుట్‌షైన్, అంటే పిల్లాడిని రోజుకి ఎన్ని గంటలు ఉంచొచ్చో రాసిచ్చే ప్రభుత్వ వోచర్. బెర్లిన్‌లో ఇది లేకుండా కిటా వాళ్ళు కాంట్రాక్ట్ రాయరు. మనం ఉండే ఏరియా యుగెండామ్ట్‌కి, అంటే పిల్లల సంక్షేమం చూసే ఆఫీసుకి అప్లై చెయ్యాలి, పిల్లాడిని చేర్చాలనుకునే తేదీకి తొమ్మిది నెలల ముందు నుంచి రెండు నెలల ముందు లోపు. ఏడాది నిండిన పిల్లలకి రోజుకి ఏడు గంటల దాకా ఉద్యోగం కాగితాలు అడగకుండానే ఇస్తారు, అంతకంటే ఎక్కువ గంటలు కావాలంటే ఇద్దరి పని వివరాలు చూపించాలి. 2018 ఆగస్టు నుంచి బెర్లిన్‌లో కిటాకి ఫీజు లేదు, భోజనానికి నెలకి 23 యూరోలు కడితే చాలు. మా అన్నయ్య హైదరాబాద్‌లో ప్లేస్కూల్‌కి కట్టేది తెలుసు కాబట్టి నేను ఈ మాట రెండుసార్లు చదువుకున్నా.

జర్మనీలో 2013 ఆగస్టు నుంచి ఏడాది నిండిన ప్రతి పిల్లాడికీ సీటు హక్కు అని చట్టం ఉంది, కానీ హక్కు ఉన్నంత మాత్రాన ఇంటి పక్క కిటాలో ఖాళీ ఉండదు కదా. నేను కిటా నావిగేటర్ వెబ్‌సైట్‌లో చూసి ముప్ఫై పైన మెయిల్స్ పెట్టా, జవాబు వచ్చినవి ఏడో ఎనిమిదో. చివరికి పని చేసింది మెయిల్ కాదు, మధ్యాహ్నం మూడింటప్పుడు బాబుని తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని నేరుగా వెళ్ళి బెల్ కొట్టడం. అలా వెళ్ళిన నాలుగో కిటాలో లీడర్ ఆవిడ బయటికి వచ్చి వాడి వయసు అడిగి ఫిబ్రవరిలో ఒక ఫ్యామిలీ ఊరు మారుతోంది అని చెప్పింది. తట్టు టీకా రెండు డోసులు వేసినట్టు కాగితం కావాలంది, 2020 మార్చి నుంచి అది లేకుండా చేర్చుకోరు. మన ఊళ్ళో వేయించిన టీకాల కార్డు పిల్లల డాక్టర్‌కి చూపిస్తే ఆయన ఇక్కడి పసుపు రంగు పుస్తకంలోకి ఎక్కించి సంతకం పెట్టారు, కాబట్టి వచ్చేటప్పుడు ఆ కార్డు చెక్-ఇన్ లగేజీలో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. కాంట్రాక్ట్ సంతకం పెట్టేటప్పుడు లీడర్ ఆవిడ ఐన్‌గెవోనుంగ్‌కి ఎన్ని వారాలు పెట్టుకోగలరు అని అడిగింది. అలవాటు చెయ్యడం అన్నమాట. నాకు మార్చి 18న ఉద్యోగంలో చేరాలి, ఆరు వారాలు ఉంది కదా రెండు వారాలు చాలు అనుకున్నా. మా ఊళ్ళో అయితే మొదటి రోజే గేటు దగ్గర వదిలేస్తారు, నాలుగు రోజులు ఏడుస్తారు, ఐదో రోజుకి మానేస్తారు. ఇక్కడ అలా కాదు. 1980ల్లో ఇన్ఫాన్స్ అనే సంస్థ ఒక పద్ధతి తయారు చేసింది, దాన్ని బెర్లిన్ మోడల్ అంటారు, మా కిటాలో అదే. మొదటి మూడు రోజులు అమ్మో నాన్నో పిల్లాడితో పాటే గదిలో కూర్చోవాలి, గంట ఉండి ఇంటికి వచ్చెయ్యాలి, వదిలి వెళ్ళడం అనే ప్రసక్తే లేదు. నాలుగో రోజు మొదటిసారి కాసేపు బయటికి వెళ్ళాలి. పిల్లాడు టీచర్ సముదాయిస్తే ఊరుకుంటే ఆ టైం పెంచుకుంటూ పోతారు, ఊరుకోకపోతే వెంటనే మనల్ని పిలిచేసి ఇంకొన్ని రోజులు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తారు.

ఫిబ్రవరి 5 సోమవారం మా మొదటి రోజు. అక్కడ ప్రతి పిల్లకీ గోడకి ఒక కొక్కెం, దాని పైన ఒక బొమ్మ. మావాడికి తాబేలు. కింద మోకాలెత్తు కూడా లేని బెంచీ, ఆ కొక్కేనికి మందపాటి జాకెట్, బురదలో ఆడుకోడానికి వేసే రబ్బరు ప్యాంటు, దాన్ని మాచ్‌హోజె అంటారు, పక్కన బూట్లు, లోపల వేసుకోడానికి ఇంకో జత చెప్పులు. నా ఎదురుగానే రెండేళ్ళ పాప తన ప్యాంటు తనే వేసుకుంటోంది, ఎవ్వరూ సాయం చెయ్యట్లేదు, తొందర పెట్టట్లేదు. మావాడు నా చుడీదార్ అంచు పట్టుకుని ఆ బెంచీ కింద దూరి కూర్చున్నాడు. ఆ రోజు గంటా అలాగే గడిచింది.

నాలుగో రోజు నేను వాడితో అమ్మ కాఫీ తాగి వస్తుంది అని చెప్పి పక్క గదిలోకి వెళ్ళా. వాడి ఏడుపు గోడ అవతల నుంచి వినిపిస్తూనే ఉంది, అది మామూలు ఏడుపు కాదు, వీడికి ఇక్కడ ఒక్క మనిషి మాట కూడా అర్థం కాదు, నీళ్ళు అడిగినా ఎవరికీ తెలీదు అని నాకు అప్పుడు తట్టింది, కడుపులో దేవేసినట్టయింది. మూడు నాలుగు నిమిషాల్లో టీచరే వచ్చి పిలిచింది. ఈరోజుకి చాలు, వచ్చే వారం మళ్ళీ చూద్దాం అంది.

ఇంటికి వచ్చి అమ్మకి ఫోన్ చేస్తే, చెప్పి వెళ్తే ఏడవకుండా ఎలా ఉంటాడే, వాడు ఆటలో పడగానే చూడకుండా జారుకోవాలి, నిన్నూ అట్లాగే పెంచాను కదా అంది. మన ఇళ్ళల్లో అందరం చేసేదే అది. రెండో వారం బుధవారం వాడు చెక్క రైలు పట్టాలు పేర్చుకుంటూ బాగానే ఉన్నాడు, టీచర్ ఇంకో బాబు డైపర్ మార్చడానికి వెళ్ళింది, నేను నెమ్మదిగా లేచి బయటికి వచ్చేశా. పది నిమిషాల తర్వాత లోపలికి వెళ్తే వాడు ఏడవట్లేదు. గది మధ్యలో నిలబడి తలుపు వైపు చూస్తున్నాడు, చేతిలో రైలు పెట్టె అలాగే ఉంది. నన్ను చూశాకే ఏడుపు మొదలైంది. ఆ రాత్రి నేను బాత్రూంకి వెళ్ళినా తలుపు దగ్గర కూర్చున్నాడు, వంటింట్లోకి వెళ్తే వెనకాలే. ఆటలో పడటమే మానేశాడు, ఎందుకంటే ఆటలో పడితే అమ్మ పోతుంది అని వాడికి నేనే నేర్పించా.

మర్నాడు టీచర్ ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. కోప్పడలేదు. నా జర్మన్ అంతంత మాత్రం కాబట్టి నెమ్మదిగా చిన్న చిన్న మాటల్లో చెప్పింది, ఏడవనివ్వండి, ఏడిస్తే నేను ఎత్తుకుంటా, అది నా పని, కానీ మీరు వెళ్తున్నాననీ ఎప్పుడొస్తాననీ చెప్పి వెళ్ళండి, చెప్పిన టైంకి రండి, ఒక్కసారి కూడా తప్పొద్దు అని. ఇంకో మాట అంది, ఇంట్లో జర్మన్ మాట్లాడటం మొదలుపెట్టకండి, మీ భాషలోనే మాట్లాడండి, మీ మాటలు కొన్ని నాకు రాసివ్వండి అని.

ఆ రాత్రి నేనూ మా ఆయనా కూర్చుని ఒక అట్ట మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు, పక్కన జర్మన్‌లో అర్థం రాశాం. నీళ్ళు, బువ్వ, చాలు, ఉచ్చ, జోజో, నొప్పి, ఎత్తుకో. కక్క అన్న ఒక్కదానికి అర్థం రాయక్కర్లేకపోయింది, జర్మన్ పిల్లలూ దాన్ని కక్కా అనే అంటారట. అన్నిటికంటే కింద పెద్ద అక్షరాల్లో, అమ్మ వస్తుంది. ఆవిడ దాన్ని నీళ్ళ గ్లాసులుండే షెల్ఫ్ పక్కన అంటించుకుంది. రెండు రోజుల తర్వాత నేను గది బయట నిలబడి ఉండగా లోపల ఏడుస్తున్న మావాడితో అమ్మా వస్తుందీ, అమ్మా వస్తుందీ అని ఆవిడ అనడం వినిపించింది, అంతా సాగదీసి, ఏదో పాట పాడినట్టు. అంత దూరం దేశంలో వేరే మనిషి నోట మన మాట, అదీ నా బిడ్డని ఊరుకోబెట్టడానికి. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. వాడు మాత్రం ఏడుపు ఆపి ఆవిడ మొహంలోకి చూశాడట.

అక్కణ్ణుంచి నెమ్మదిగా కుదురుకుంది. ఐదు నిమిషాలు, పదిహేను, అరగంట, మధ్యాహ్నం భోజనం దాకా. మధ్యలో జ్వరం వచ్చి ఒక వారం మొత్తం పోయింది, తగ్గాక మళ్ళీ రెండు రోజులు వెనక్కి వెళ్ళి మొదలుపెట్టాల్సి వచ్చింది. మొదటి ఏడాది చలికాలం ఇది తప్పదు, జలుబు, చెవి నొప్పి, వాంతులు, మా కిటాలో వాంతులు ఆగాక 48 గంటలు ఇంట్లో ఉంచాలి. 2024లో ప్రభుత్వ ఇన్సూరెన్స్ వాళ్ళకి ఒక్కో పిల్లకి అమ్మకి 15 రోజులు, నాన్నకి 15 రోజులు పిల్లల జబ్బు సెలవులుండేవి, మేం చెరి సగం పంచుకున్నాం. ఉద్యోగంలో చేరేవాళ్ళు ఈ సెలవుల సంగతి మొదటి రోజే మేనేజర్‌కి చెప్పి పెట్టుకోండి.

తిండి గురించి నాకు చాలా బెంగ ఉండేది. కాంట్రాక్ట్ అప్పుడే మాంసం వద్దు అని రాశాం. నూడుల్స్ టమాటా సాస్, బంగాళాదుంపలు, పాలకూర గుజ్జు, ఇవే తిప్పి తిప్పి. మొదటి రెండు వారాలు ఏదీ ముట్టలేదు. ఒకరోజు మిల్చ్‌రైస్ పెట్టారు, పాలల్లో ఉడికించిన అన్నం, పైన చక్కెర, దాల్చినచెక్క పొడి. తెల్లగా కనపడగానే పెరుగన్నం అనుకున్నాడో ఏమో రెండు గిన్నెలు తిన్నాడని ఫోటో తీసి చూపించారు. ఆ తర్వాతే మిగతావి కూడా రుచి చూడటం మొదలుపెట్టాడు.

చివరికి మిగిలింది నిద్ర. పుట్టినప్పటి నుంచి పక్కన పడుకుని జోకొడితే గానీ నిద్రపోడు. ఇంటి నుంచి వాడికి అలవాటైంది ఏదైనా తెమ్మన్నారు, మావాడికి బొమ్మలు పట్టుకునే అలవాటు లేదు. మేం వచ్చేటప్పుడు అమ్మ ఇచ్చిన పాత కాటన్ చీర ఉంది, మెత్తగా అరిగిపోయింది, దాంట్లోంచి గజం ముక్క కత్తిరించి, ఉతక్కుండా రెండు రాత్రులు నా దిండు మీద వేసుకుని పడుకుని ఇచ్చా. ఎలా జోకొడతారు అని టీచర్ అడిగితే ఆవిడ చేతి మీదే కొట్టి చూపించా, మరీ మెల్లగా కాదు, కాస్త గట్టిగా, వీపు మీద, ఒకే తీరుగా. మార్చి 18కి వాడు భోజనం దాకా ఉంటున్నాడు గానీ నిద్ర ఇంకా రాలేదు. నేను ఉద్యోగంలో చేరిపోయా, ఆ వారం మా ఆయన సెలవు పెట్టి మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్ళి తెచ్చుకునేవారు. శుక్రవారం పన్నెండున్నరకి వెళ్తే టీచర్ వేలు పెదాల మీద పెట్టి తలుపు సందులోంచి చూపించిందట. చీర ముక్క మొహం మీద కప్పుకుని నిద్రపోతున్నాడు. ఆయన పంపిన ఫోటో ఆఫీసులో చూసుకుంటూ కూర్చున్నా.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది, ఉద్యోగం తేదీకీ కిటా తేదీకీ మధ్య కనీసం రెండు నెలలు ఉంచుకోండి, ఇద్దరిలో ఒకరికి ఆ తర్వాత కూడా సెలవు మిగిలి ఉండేలా చూసుకోండి. ఆ మాటల అట్ట మొదటి రోజే ఇవ్వండి, నాలాగా రెండో వారం దాకా ఆగకండి.

డిసెంబర్‌లో తెనాలి వెళ్ళాం. బ్యాంకులో కేవైసీ పని ఉంది, వాడు అమ్మ ఒళ్ళో కూర్చుని అన్నం తింటున్నాడు. అమ్మ నాకు కళ్ళతోనే సైగ చేసింది, వెళ్ళు వెళ్ళు, చూడట్లేదు అని. నేను వెళ్ళి వాడి ముందు కూర్చుని, నాన్నా, బ్యాంకుకి వెళ్తున్నా, నువ్వు లేచి పాలు తాగే టైంకి వచ్చేస్తా అన్నా. వాడు నోట్లో ముద్ద పెట్టుకునే చూస్, అంటే జర్మన్‌లో బై అని చెయ్యి ఊపాడు, మళ్ళీ కంచం వైపు తిరిగాడు. అమ్మ ఏమీ అనలేదు, వాణ్ణే చూస్తూ ఉండిపోయింది. బ్యాంకులో సర్వర్ డౌన్, మూడున్నర దాటింది, మేనేజర్ ఇంకో అరగంట కూర్చోండమ్మా అన్నారు. రేపొస్తానండీ అని చెప్పి ఆటో ఎక్కేశా.