గ్రాంట్ ఇస్తే రిపేర్ చేసేవాళ్ళకి ఇవ్వండి

2023 మేలో కేంద్రం ఊరూరా ఆర్ఆర్ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్ - తగ్గించు, మళ్ళీ వాడు, కరిగించి కొత్తది చెయ్యి) సెంటర్లు పెట్టించింది గుర్తుందా, పాత బట్టలు, చెప్పులు, పుస్తకాలు, బొమ్మలు తెచ్చివ్వమని. ఐడియా నాకు నచ్చింది. కానీ తీసుకున్నాక ఏం చేస్తారన్నదే అసలు సంగతి, జిప్పు ఊడిన స్కూల్ బ్యాగ్ కుట్టేవాళ్ళు లేకపోతే అది చివరికి డంపింగ్ యార్డుకేగా పోయేది.

స్వచ్ఛ భారత్ అర్బన్ 2.0లో చెత్త పనుల ఖర్చులో కేంద్రం గ్రాంటు వాటా ఉంది, పది లక్షల జనాభా దాటిన సిటీకి 25 శాతం, లక్ష నుంచి పది లక్షల లోపు ఊళ్ళకి 33 శాతం. ఆ డబ్బులు వెళ్ళేది కార్పొరేషన్లకి, మున్సిపాలిటీలకి, మన కాలనీ అసోసియేషన్‌కి కాదు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వరద తర్వాత మన విజయవాడ సింగ్ నగర్ వీధులు చూసినవాళ్ళకి తెలుసు, పరుపులు, సోఫాలు, ఫ్రిజ్జులు, మిక్సీలు గుమ్మాల ముందు గుట్టలు గుట్టలు. పరుపంటే సరే, బురద పట్టాక ఏం చేస్తాం, కానీ మిక్సీ మోటారుకి వైండింగ్ చేయిస్తే మళ్ళీ తిరుగుతుంది, ఇనప బీరువా కడిగి రంగేస్తే ఇంకో పదేళ్ళు ఉంటుంది, చెక్క మంచానికి ఓ కోడు మారిస్తే చాలు. ఆటోనగర్ ఉన్న ఊరండీ మనది, పాత లారీ విప్పి ఏ పార్టుకాపార్టు మళ్ళీ వాడే చోటు, మనకి రీయూజ్ గురించి ఎవరో వచ్చి క్లాసు పీకాలా?

నా లెక్క ఒకటే, నాలుగైదు డివిజన్లకి కలిపి ఓ షెడ్డు, దాని కరెంటు బిల్లు, ఒక వైండింగ్ మెకానిక్, ఒక టైలరు, ఒక వడ్రంగి, వాళ్ళకి నెల జీతం. గ్రాంటు దానికి పెట్టండి, ఫ్లెక్సీలకి కాదు (ఫ్లెక్సీ కూడా మళ్ళీ చెత్తే కదా).

పుస్తకాలు మాత్రం ఆ షెడ్డుకి వద్దు, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులున్నాయి, వాళ్ళకి చూపించండి.