జాబ్ ఎక్కడ కూర్చుంది?

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోయాను. "కొలుస్తానమ్మా" అంటే, "వడ్లు కొలిచేవాళ్ళను చూశాను, స్థలాలు కొలిచేవాళ్ళను చూశాను, ఇనుప ముక్కలు కొలవడానికి అమెరికా దాకా పోవాలా" అంది. బాలానగర్ టూల్ రూముల్లో ఏడేళ్ళు చేసి, మధ్యలో సీఐటీడీ అనే టూల్ డిజైన్ సంస్థలో సీఎంఎం (ముక్కను ప్రోబ్‌తో తాకి కొలిచే మెషిన్) నేర్చుకుని, ఇప్పుడు విస్కాన్సిన్‌లో ఒక మెషిన్ షాపులో క్వాలిటీ ఇంజనీర్‌ని. పేరుకు ఇంజనీరే గానీ సగం రోజు చేతిలో మైక్రోమీటరే ఉంటుంది.

వచ్చిన కొత్తలో పని కన్నా మాటలే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. మన దగ్గర మెషిన్ మీద ఉన్న ముక్కను జాబ్ అంటాం కదా, మొదటి వారంలో సూపర్‌వైజర్ దగ్గరికి పోయి "నా జాబ్ ఎవరో తీసేశారు" అన్నాను. పాపం ఆయన కంగారుపడి నన్ను కూర్చోబెట్టి, అలాంటిదేమీ లేదు, నీకు ఎవరు చెప్పారు అని ఓదార్చడం మొదలుపెట్టాడు. నేను వెతుకుతున్నది గ్రానైట్ బల్ల మీద పెట్టిన ఒక బుష్ కోసం! కొలతకు ప్రమాణంగా పెట్టుకునే స్టీలు దిమ్మెను స్లిప్ గేజ్ అంటే ఎవరికీ తెలియలేదు, ఇక్కడ గేజ్ బ్లాక్ అనాలి. డ్రాయింగ్‌ని ప్రింట్ అంటారు.

వీటికి నవ్వుకుని ఊరుకోవచ్చు గానీ "టెన్త్" అలా కాదు. ఒక మెషినిస్ట్ వచ్చి ఈ షాఫ్ట్ రెండు టెన్త్‌లు ఎక్కువుంది అంటే, నా బుర్ర దాన్ని 0.2 మిల్లీమీటరుగా తీసుకుని, ఇంత తేడా పెట్టుకుని ఇంత తాపీగా ఎలా చెబుతున్నాడు అనుకున్నాను. వాళ్ళ లెక్కలో టెన్త్ అంటే అంగుళంలో పదివేలవ వంతు. రెండు టెన్త్‌లంటే ఐదు మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాదాపు నలభై రెట్ల తేడా. ఇక డ్రాయింగ్‌లో వ్యూలు కూడా తిరగబడి ఉంటాయి. మనం చదువుకున్నది ఫస్ట్ యాంగిల్, అమెరికాలో థర్డ్ యాంగిల్, అంటే మనం ఎడమ నుంచి చూసి కుడి పక్కన గీసే వ్యూని వీళ్ళు ఎడమ పక్కనే గీస్తారు. ఇప్పటికీ ఏ ప్రింట్ విప్పినా ముందు టైటిల్ బ్లాకు దగ్గర ఏ యాంగిలో చెప్పే ఆ కోసిన శంకువు బొమ్మ ఎటు తిరిగి ఉందో చూసుకుంటాను.

మా కొలతల గది ఏడాది పొడవునా 20 డిగ్రీలు. కొలతలన్నిటికీ అదే ప్రామాణిక ఉష్ణోగ్రత అని 1931లోనే అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. బాలానగర్‌లో ఏప్రిల్ వచ్చిందంటే ఏసీ పని చేస్తే 28, లేకపోతే 35, అయినా బండి నడిచేది. ఎందుకు నడిచిందో ఇక్కడికొచ్చాక గానీ ఆలోచించలేదు. జాబూ స్టీలే, గేజూ స్టీలే, రెండూ కలిసి ఉబ్బుతాయి కాబట్టి తప్పు తప్పుతో కొట్టుకుపోయేది. అల్యూమినియం వచ్చినప్పుడే తన్నేది, ఎందుకంటే అది స్టీలుకు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 300 మిల్లీమీటర్ల ముక్కకు 15 డిగ్రీల తేడాలో ఆ రెండింటి మధ్య 50 మైక్రాన్ల పైనే తేడా వస్తుంది. ఇక్కడ ఇబ్బంది రెండో వైపు నుంచి. జనవరిలో ట్రక్కు నుంచి దిగిన ముక్కలు ముట్టుకుంటే చేయి జిల్లుమంటుంది, వాటిని రాత్రంతా గదిలో ఉంచితే గానీ కొలవకూడదు. కొనుగోలుదారు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే "ముక్కలు ఇంకా వెచ్చబడుతున్నాయి" అని చెప్పడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇదంతా కాదు, రెండో ఏడాది ముక్కలు పనికిరావని నేను కట్టిన ఎర్ర ట్యాగుల సంగతి.

అల్యూమినియం కాస్టింగ్, పంపు హౌసింగ్, 24 ముక్కలు. అడుగు ముఖం డేటమ్ ఎ, మధ్యలో బోర్ (పెద్ద రంధ్రం) డేటమ్ బి, అంటే మిగతా కొలతలన్నీ వీటి నుంచే తీయాలి. అడుగు నుంచి 90 మిల్లీమీటర్ల ఎత్తున పై ఫ్లాంజ్‌లో ఆరు రంధ్రాలు, వాటి పొజిషన్ టాలరెన్స్ 0.25 వ్యాసం, అంటే రంధ్రం కేంద్రం ఉండాల్సిన చోటు చుట్టూ అంత వృత్తం దాటి పోకూడదు. సీఎంఎం ప్రోగ్రామ్ నేనే రాశాను. కెంపు గుండు ఉన్న ప్రోబ్ టక్‌టక్‌మని తాకుతూ పోయింది, రిపోర్ట్ వచ్చింది, తొమ్మిది ముక్కలు ఫెయిల్. ఒక రంధ్రం ఎక్స్‌లో 0.10, వైలో 0.10 తప్పింది. ఎక్స్, వైలను విడివిడిగా చూసే ప్లస్ ఆర్ మైనస్ లెక్కకు అలవాటుపడ్డ కంటికి ఇది ఫర్వాలేదనిపిస్తుంది గానీ, పొజిషన్‌కు ఆ రెంటినీ వర్గాలు చేసి కలిపి వర్గమూలం తీసి రెట్టింపు చేయాలి. 0.283 వస్తుంది. అనుమానం లేదు, ఎర్ర ట్యాగే.

ఆ ముక్కలు కోసింది రాత్రి షిఫ్టు మెషినిస్ట్. హ్మాంగ్ మనిషి, వాళ్ళ నాన్న లావోస్ నుంచి శరణార్థిగా వచ్చాడట, ఈ రాష్ట్రంలో వాళ్ళు చాలామందే ఉన్నారు. పొద్దున షిఫ్టు మారేటప్పుడు అతన్ని పిలిచి, సెటప్ ఎలా చేశావు, ఫిక్స్చర్ తుడిచావా, అని నలుగురి ముందు అడిగారు. అతను నా రిపోర్ట్ చేతిలోకి తీసుకుని చూశాడు, తల ఊపి ఇంటికి పోయాడు.

మా గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు, నలభై ఏళ్ళ సర్వీసు. పేరు పెట్టి పిలవమంటాడు, నాకేమో ఆరు నెలల దాకా నోరు రాలేదు. ఆయన నా రిపోర్ట్‌లో ఫెయిలైన రంధ్రాలన్నిటి మీదా పెన్నుతో బాణాలు గీశాడు. అన్నీ ఒకే వైపు. "ఈ ముక్క పంపులో దేని మీద కూర్చుంటుంది?" అన్నాడు. అడుగు ముఖం బయటి అంచు మీద అన్నాను. "మరి నువ్వెక్కడ తాకావు?"

నేను తాకింది లోపల, బోర్ చుట్టూ, 60 మిల్లీమీటర్ల వెడల్పులో నాలుగు చోట్ల. అక్కడ ప్రోబ్ సులువుగా దిగుతుంది, అంతకు మించి కారణం లేదు. ఆ నాలుగింటిలో ఒకటి క్లాంప్ పట్టిన చోటు కింద పడింది. పట్టు వదిలాక అక్కడ ముఖం 0.02 లోపలికి పోయి ఉంది. ముఖానికి ఫ్లాట్‌నెస్ 0.05 ఇచ్చారు, అంటే అంత ఎత్తుపల్లం ఉండొచ్చు, కాబట్టి అది తప్పేమీ కాదు. కానీ 60కి 0.02 వాలితే 90 ఎత్తున 0.03 జరుగుతుంది. అంటే ముక్క నిటారుగానే ఉంది, నా సీఎంఎం మాత్రం అది ఒరిగి ఉందనుకుని రంధ్రాలను లెక్కేసింది. బయటి అంచు మీద 12 చోట్ల తాకి ప్రోగ్రామ్ మళ్ళీ నడిపాను. ఎక్స్ 0.07కి వచ్చింది, వై అదే 0.10, పొజిషన్ 0.244. తొమ్మిదీ పాస్.

పెద్దాయన గొప్పగా ఏమీ అనలేదు. మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ పార్కర్ కథ చెప్పాడు. స్కాట్లాండ్‌లో టార్పిడోల ఫ్యాక్టరీలో స్టాన్లీ పార్కర్ అని ఒకాయన, రెండో ప్రపంచ యుద్ధం నాటి మనిషి, కొలతల్లో ఫెయిలైన ముక్కలు కూడా చక్కగా బిగుస్తున్నాయే అని గమనించి, రంధ్రం కేంద్రానికి ప్లస్ ఆర్ మైనస్ ఇచ్చే చతురస్రం బదులు గుండ్రటి హద్దు ఇవ్వాలన్నాడు. చతురస్రం మూలల గుండా పోయే వృత్తం గీస్తే 57 శాతం ఎక్కువ చోటు దొరుకుతుంది. నేను ఫార్ములాగా బట్టీ పట్టిన పొజిషన్ టాలరెన్స్ ఇలా పారేసిన మంచి ముక్కల్లోంచి వచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజే తెలియడం కొంచెం గుచ్చుకుంది కూడా.

ఆ రాత్రి షిఫ్టు మొదలయ్యేదాకా ఉండి, హ్మాంగ్ మెషినిస్ట్‌ని కలిసి ముక్కలు బాగానే ఉన్నాయి, తప్పు నా ప్రోగ్రామ్‌ది అని చెప్పాను. "తెలుసు, మెషిన్ మీద నుంచి తీసే ముందు డయల్ గేజ్ పెట్టి చూశాను" అన్నాడు.

"మరి పొద్దున ఎందుకు చెప్పలేదు?"

చేతి తొడుగులు వేసుకుంటూ, "నీ దగ్గర కాగితం ఉంది కదా" అన్నాడు.