వేరే గిన్నె

టాంజానియాలో సఫారీకి వెళ్ళాం. అక్కడి ఎన్‌గోరోంగోరో అగ్నిపర్వత బిలం అంచున, సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉన్న సింబా క్యాంపులో చలికి శాలువ కప్పుకుని కూర్చున్న మా అమ్మ ముందు మూత పెట్టిన చిన్న గిన్నె ఒకటి ఉంచి, దీనికి మాంసం తగలలేదని వంటమనిషి గైడు చేత చెప్పించినప్పుడు నాకు నోట మాట రాలేదు. మేము శాకాహారులమని ముందే చెప్పిన మాట నిజమే కాని, గిన్నెల ఊసు ఎవరమూ ఎత్తలేదు. ముందు రోజు రాత్రి లేక్ మన్యారా దగ్గర అమ్మ సూపు ముట్టకుండా అరటిపండుతో సరిపెట్టుకోవడం ఆ వంటమనిషి గమనించాడట. మర్నాడు కరాటు సంతలో ఆగినప్పుడు కొత్త గిన్నె, రెండు కట్టల తోటకూర కొన్నాడు. ఆ క్యాంపులో అన్ని బృందాల వంటవాళ్ళూ ఒకే షెడ్డులో వండుతారు. పక్కవాళ్ళ మేకమాంసం పొయ్యికి దూరంగా, తన గ్యాసు సిలిండరును చిట్టచివరి మూలకు ఈడ్చుకుపోయి మరీ వండాడు.

ఆరు వందల మీటర్ల లోతున్న ఆ బిలంలోకి దిగి మేము సింహాలను చూసి వచ్చినంతసేపూ అతను క్యాంపులోనే ఉండి కూరలు తరిగాడు. మేము తిన్నాకే తిన్నాడు. తర్వాత వెళ్ళిన సెరెంగెటి జాతీయ పార్కులో గ్నూ అనే అడవి జంతువుల మందల గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రాయను. అక్కడి కంచె లేని సెరోనెరా క్యాంపులో, చీకటి పడ్డాక డేరా దాటవద్దన్న గైడు మాటను తలచుకుంటూ మెలకువగా పడుకున్న ఆ రాత్రి కూడా నా మనసు ఆ గిన్నె చుట్టూనే తిరిగింది.

ఎందుకంటే దార్-ఎస్-సలాంలో, ఉపాంగా వీధిలోని మా ఫ్లాటులో, పనిచేసే అమ్మాయికి గ్లాసూ కంచమూ వేరే ఉన్నాయి. బాల్కనీ అరలో, సబ్బు డబ్బా పక్కన ఉంటాయి. ఇందులో చిన్నచూపు లేదని నేను గట్టిగానే చెప్పగలను. ఎంగిలి, మడి అన్నవి మన ఇళ్ళలో సొంత మనుషులకూ వర్తించేవే. క్షవరం చేయించుకుని వచ్చిన నన్ను మా నాయనమ్మ స్నానం చేసేదాకా గడప తొక్కనిచ్చేది కాదు. పైగా ఆఫీసులో టాంజానియా సహోద్యోగులతో ఒకే బల్ల మీద రోజూ భోజనం చేసేవాణ్ణి, నాకు ఆ పట్టింపు ఎక్కడిది? ఇదంతా మా ఆవిడతో అంటే, అతను మన తిండిని వేరు పెట్టాడు, మనం ఆ పిల్లనే వేరు పెట్టాం అని ఒక్క ముక్కలో తేల్చేసి అటు తిరిగి పడుకుంది. అది అన్యాయమైన మాట అని నా అభిప్రాయం. స్నానం చేస్తే నన్ను లోపలికి రానిచ్చేవారు కదా అని మాత్రం ఆమె అడగలేదు, నాకే తట్టింది.

సఫారీ ముగిసి అరుషా నగరంలో విడిపోయేటప్పుడు కవర్లలో బక్షీసు పెట్టి ఇవ్వడం ఆనవాయితీ. గైడుకు ఎక్కువ, వంటమనిషికి తక్కువ ఇస్తారని నాకు ఎవరో చెప్పారు. అమ్మ ఒప్పుకోలేదు. అన్నం పెట్టినవాడికి తక్కువ ఇవ్వడం ఏమిట్రా అని నా చేతిలోని నోట్లు తానే లెక్కపెట్టి, రెండు కవర్లనూ సమానం చేసింది. బాల్కనీ అరలోని గ్లాసును మొదటి నుంచీ వేరు పెట్టించింది కూడా అమ్మే. అమ్మ ఊరికి వెళ్ళేదాకా దాని జోలికి పోవద్దని నేనంటున్నాను, అమ్మనే అడిగి చూద్దామని మా ఆవిడ అంటోంది. ఇంకా తేలలేదు.