గుండె దడ నుంచి మొదలుపెట్టాను: సైకాలజీ వ్యాసాల ప్లానింగ్‌లో నా అనుభవం

ఎమ్మే సైకాలజీ అయ్యాక కర్నూలులో ఇంటి నుంచే ఆరోగ్య వ్యాసాలు రాసే పని దొరికింది. మొదటి రోజే ఒక ఎక్సెల్ షీట్ పంపారు. అందులో జనం ఏ మాటలతో వెతుకుతారో చెప్పే ఇంగ్లీషు కీవర్డ్ టూల్‌లో తీసిన వంద మాటలు, పక్క కాలమ్‌లో వాటి తెలుగు అనువాదం: ఆందోళన రుగ్మత, కుంగుబాటు లక్షణాలు, నిద్రలేమి చికిత్స. ఒక్కో వ్యాసంలో ఆ మాట ఇరవైసార్లు రావాలని షరతు. రెండు నెలలు కష్టపడి 30 వ్యాసాలు రాశాను. గూగుల్‌లో మన పేజీలు ఎలా కనిపిస్తున్నాయో చూపే సెర్చ్ కన్సోల్ తెరిచి చూస్తే క్లిక్కుల సంగతి అటుంచండి, ఇంప్రెషన్లే లేవు, అంటే ఫలితాల్లో కనిపించడమే లేదు. క్లిక్కులు రాకపోతే టైటిల్ బాగాలేదని సరిపెట్టుకోవచ్చు. ఇంప్రెషన్లే రాలేదంటే, మన పేజీ ఎక్కడో అడుగున పడి ఉండాలి, లేదా ఆ మాటతో వెతికే మనిషే ఉండకూడదు. నాది ఎక్కువగా రెండోదే అని తర్వాత తెలిసింది.

తెలిసింది మా చిన్నమ్మ వల్ల. ఆదోని నుంచి ఇక్కడి పెద్దాసుపత్రికి వచ్చింది, రాత్రిళ్లు గుండె దడ అని. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, ఏమీ లేదన్నారు. బయట బెంచీ మీద కూర్చుని, "ఏం పాపా, అంతా బాగుందంటారు, మరి ఈ దడ యాడ నుంచి వస్తాంది?" అని ఫోన్ నా చేతికిచ్చింది, నువ్వే చూడు అని. ఆమె టైపు చేయదు, మైకు నొక్కి అడుగుతుంది. పాత వెతుకులాటలన్నీ వరసగా ఉన్నాయి: రాత్రి పూట గుండె దడ, చేతులు చల్లబడి చెమటలు, ఊపిరి ఆడనట్టు ఉంది, చచ్చిపోతానేమో అని భయం. పానిక్ అటాక్‌కు, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయానికి, మా సైకాలజీ పుస్తకంలో 13 లక్షణాలుంటాయి, వాటిలో కనీసం 4 కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరాలి. నేను పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ జాబితాలో సగం మా చిన్నమ్మ ఫోన్‌లో ఉంది, ఆమె మాటల్లో. ఆందోళన అన్న మాట మాత్రం ఒక్కచోట కూడా లేదు. చదువుతుంటే గొంతు పట్టేసింది, ఎందుకంటే నేను రాసిన ముప్పైలో ఒక్కటి కూడా ఆమెకు దొరికేది కాదు.

ఆ సాయంత్రమే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. జబ్బు పేరు చివర రాస్తాను, ముందు ఒంట్లో ఏం తెలుస్తుందో రాస్తాను: దడ, తల బరువు, కడుపులో తిప్పినట్టు, ఊరికే ఏడుపు. తర్వాత ఒక్కో మాటనీ గూగుల్‌లో అక్షరం అక్షరం కొడుతూ, కింద అది అందించే సూచనలన్నీ దించుకుంటాను. ఒకసారి తెలుగు లిపిలో, ఇంకోసారి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఎందుకంటే మన వాళ్లలో చాలామంది అలాగే కొడతారు, రెండింటికీ వచ్చే సూచనలు ఒకటి కావు. ఏ మాటను ఎప్పుడు ఎక్కువ వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్ కూడా చూస్తాను కానీ దాని మీద ఆధారపడను. అందులో కనిపించే 0 నుంచి 100 అంకెలు పోలికలే, ఎంతమంది వెతికారన్న లెక్క కాదు. పైగా చిన్న తెలుగు మాటలకు చాలాసార్లు సరిపడా డేటా లేదనే వస్తుంది.

ఏది ఒక వ్యాసం, ఏవి రెండు వ్యాసాలు అన్నది తేల్చుకోవడానికి చాలా రోజులు తిప్పలు పడ్డాను. ఇప్పుడు రెండు మాటలూ వెతికి, మొదటి పేజీ ఫలితాలు దాదాపు అవే వస్తే ఒకటే రాస్తాను. "నిద్ర పట్టడం లేదు" అని రాత్రి రెండింటికి అడిగేవాడికి ఇప్పుడేం చేయాలో కావాలి, "నిద్ర పట్టకపోవడానికి కారణాలు" అని అడిగేవాడికి అర్థం చేసుకునే ఓపిక ఉంది, కాబట్టి అవి రెండు వ్యాసాలు. డిప్రెషన్ మీద అంతకుముందు నేను రాసిన మూడు వ్యాసాలు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి, మూడింటినీ ఒకటిగా కలిపి పాత లింకులను కొత్తదానికి మళ్లించాను.

గుండె దడ వ్యాసానికి మాత్రం పెద్ద గొడవే అయింది. "దడ తగ్గించే 5 చిట్కాలు" అని టైటిల్ పెట్టమన్నారు. నేను పెట్టనన్నాను. ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే చిట్కాలు చదువుతూ కూర్చోకూడదు కదా. అందుకే వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలో మొదట పెట్టాను, తర్వాత థైరాయిడ్, రక్తహీనత, కాఫీ, ఆ తర్వాతే పానిక్. ఇలాంటి విషయాలను గూగుల్ "యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్" అనే కోవలో పెడుతుంది, రాసినవారి నైపుణ్యం, నమ్మకం ఇక్కడ ఎక్కువగా చూడాలంటుంది, 2022 డిసెంబరులో దానికి స్వానుభవాన్ని కూడా చేర్చింది. గూగుల్ అడగకపోయినా, ఒక సైకియాట్రిస్ట్ చదివి సరిచేయకుండా నేను ఏదీ పంపను. ఆయన పేరు, చూసిన తేదీ పైనే వేస్తాం.

ఆత్మహత్య గురించిన వెతుకులాటల దగ్గర ఇంకా జాగ్రత్త. పద్ధతుల వివరాలు వచ్చే మాట ఏదైనా సరే, ఎంతమంది వెతికినా, నా పుస్తకంలోకి రాదు. మొదటి స్క్రీన్‌లోనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉండాలి. 2022 అక్టోబరులో మొదలైంది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్లు పైకి అడగలేక ఫోన్‌ను అడిగే ఇంకో ప్రశ్న, "పోలీసు కేసు అవుతుందా?" ఆ భయంతో ఆసుపత్రికే తీసుకెళ్లని వాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, కాదని రుజువైతే తప్ప శిక్షించకూడదు. దీనికి విడిగా ఒక వ్యాసం రాశాను. నేను రాసినవాటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది అదే.

చిన్నమ్మ ఇప్పుడు సైకియాట్రీ ఓపీకి వెళ్తోంది, దడ తగ్గింది. మొన్న సెర్చ్ కన్సోల్‌లో కొత్త క్వెరీలు, అంటే జనం వెతికిన మాటలు, దించుకుంటుంటే ఒకటి కనబడింది: "ఈసీజీ బాగుంది అయినా గుండె దడ ఎందుకు". ఎవరో, ఏ ఊరో. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, ఒక్క అక్షరం మార్చకుండా దాన్నే పైన హెడ్డింగుగా రాసుకున్నాను.