అమ్మ కూడా నమ్మలేదు

ఆసుపత్రి పాలై నాలుగు నెలలైంది. అన్నం తింటున్నాను, మిల్లుకు పోతున్నాను. కోపం మాత్రం పూర్తిగా దిగలేదు, అందుకే రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ. రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. ఒక రాత్రి పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి దూసుకుపోయింది. ఈనో తాగాను, సోడా తాగాను. ఊళ్లో డాక్టరు కూడా గ్యాసే అని సూది వేసి పంపించాడు. తెల్లారి రక్తపరీక్షలో లైపేజ్ 2,300 దాటింది. క్లోమం, అంటే పాంక్రియాస్, తయారుచేసే జీర్ణ ఎంజైమ్ అది. కాగితం మీద నార్మల్ 60 లోపు అని ఉంది. మూడు రెట్లు దాటి, నొప్పి కూడా ఇలా ఉంటే క్లోమం వాచినట్టేనట. హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. పంతంగి టోల్ దగ్గర అంబులెన్స్ ఆగినప్పుడు వాంతి చేసుకున్నది తప్ప దారంతా నాకు గుర్తు లేదు.

రెండో రాత్రి గుర్తుంది. పడుకుంటే ప్రాణం పోతోంది. మోకాళ్ల మీద కూర్చుని, నుదురు దిండుకు ఆనించి ముందుకు వంగితే కాస్త ఊపిరి ఆడేది. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. డ్యూటీ డాక్టరు ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. కేసు షీట్ తిప్పి, నన్ను కాదు, అమ్మను అడిగాడు: "ఎన్నేళ్ల నుంచి తాగుతాడమ్మా? మానకపోతే మళ్లీ ఇక్కడికే వస్తాడు."

అమ్మ చెయ్యి నా తల మీంచి లేచిపోయింది. ఆయన పోయాక మెల్లగా అంది: "నిజం చెప్పు కొడుకా, ఎన్నాళ్ల సంది తాగుతున్నవ్?" తాగలేదని ఒట్టేశాను. నమ్మలేదు. నాలుగు రోజులు నమ్మలేదు. రోజూ సాయంత్రం కల్లు మండువలో కూర్చునే మా బావ చూడ్డానికొచ్చి, "ఇకనన్న జాగ్రత్త బామ్మర్దీ" అన్నాడు. దగ్గరికి వంగినప్పుడు వాసన కొట్టింది.

సెలైన్లు, స్కాన్లు, ఆ తంతు అందరికీ తెలిసిందే. పిత్తాశయంలో రాళ్లు లేవు. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు, కాల్షియం బాగున్నాయి. ఐదో రోజు పెద్ద డాక్టరమ్మ కుర్చీ లాక్కుని అమ్మ పక్కన కూర్చుంది. ఆమె రుణం తీర్చుకోలేను. తాగుడు, రాళ్లు, ఇవే ఎక్కువమందికి కారణాలు కానీ అందరికీ కాదని చెప్పింది. పేగులోకి వెళ్లాక పనిచేయాల్సిన ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ గ్రంథిలోనే మేలుకుంటే క్లోమం తనను తానే అరిగించుకుంటుందట. దానికి బ్రేకు లాంటిది స్పింక్1 జన్యువు. తాగుడుతో సంబంధం లేకుండా మన దేశంలో కనిపించే దీర్ఘకాలిక క్లోమ వ్యాధిలో ఈ జన్యువులో తేడాలున్నాయని 2002లోనే మన హైదరాబాద్ పరిశోధనా సంస్థ సీసీఎంబీ వాళ్లు చూపించారట.

"మంట అంటుకోవడం ఒకటి, పాకడం ఇంకొకటి" అంది. టీఎన్ఎఫ్, ఐఎల్-8 లాంటివి వాపును పెంచే సంకేతాలు. టీఎన్ఎఫ్ జన్యువు ముందుండే స్విచ్‌లో 308వ చోట కొందరికి జి అనే డీఎన్ఏ అక్షరం బదులు ఏ అనే అక్షరం ఉంటుంది. అలాంటివాళ్లకు జబ్బు ముదురుతుందని కొన్ని పరిశోధనలు, అలాంటిదేం లేదని మరికొన్ని. "అందుకే ఆ పరీక్ష రాయడం లేదు, డబ్బు దండగ" అంది. డబ్బు దండగ అన్న డాక్టరును నేను మొదటిసారి చూశాను.

అమ్మ అంతా విని అడిగింది: "అయితే ఆ అక్షరం నాదా, వాళ్ల నాయనదా?" డాక్టరమ్మ నవ్వి, "ముందు సిగరెట్ సంగతి చూద్దాం" అని నా వైపు తిరిగింది. రోజుకు రెండు. క్లోమానికి అదీ చెడ్డదేనట. ఒట్టేసినప్పుడు దాని గురించి నేను చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు కూడా.

నొప్పి వీపులోకి పోతుంటే, వాంతులు ఆగకపోతే, ఈనోతో రాత్రి గడపకండి. నేను పోగొట్టుకున్నది ఆ ఒక్క రాత్రే.

వాడపల్లి నరసింహస్వామికి అమ్మ మొక్కుకున్న తలనీలాలు ఇచ్చి వచ్చాం. తాగలేదన్న సంగతి ఇప్పుడు నమ్ముతోంది. అయినా బట్టలు నానబెట్టే ముందు నా చొక్కా జేబు వాసన చూస్తుంది.